కెంపు కొనేటప్పుడు అడగాల్సిన రెండో ప్రశ్న

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరైనా, నల్లగొండ ప్రకాశం బజారులోనైనా కెంపు ఉంగరం కొనబోయినవాళ్లు ముందు అడిగే మాట ఒక్కటే: "సేటూ, ఇది ఒరిజినలేనా?" ఆయన "ఒరిజినలే" అంటాడు. చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. భూమిలోంచి తీసి సానబట్టిన రాయి కెంపే. దాన్నే కొలిమిలో కాల్చి రంగు తేలిస్తే అదీ కెంపే. పగుళ్లలో గాజు నింపి అమ్మేదాన్నీ కెంపనే అంటారు. ఫ్యాక్టరీలో పెంచింది కూడా రసాయనికంగా కెంపే. ధరలోనో మన్నికలోనో మాత్రం ఈ నాలుగింటికీ పోలికే లేదు. అందుకే "దీనికి ఏం చేశారు?" అని రెండో ప్రశ్న కూడా అడగాలి.

కెంపు అంటే స్ఫటికంగా మారిన అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధంగా ఉంటే దానికి రంగే ఉండదు. కొద్దిపాటి క్రోమియం చేరితే ఎర్రబడుతుంది. ఇనుము, టైటానియం కలిసి చేరితే అదే ఖనిజం నీలం అవుతుంది. మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 9. వజ్రానిది 10.

ఇంత సులువైన పదార్థం కాబట్టే మనిషి దీన్ని తొందరగా తయారు చేయగలిగాడు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నెయ్ తన పద్ధతిని 1902లో ప్రకటించాడు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిలో కాస్త క్రోమియం ఆక్సైడ్ కలిపి, ఆక్సిజన్-హైడ్రోజన్ మంటలోంచి కొంచెం కొంచెంగా రాల్చాలి. రెండు వేల డిగ్రీలు దాటిన ఆ వేడికి పొడి కరిగి, కింద తిరుగుతున్న కడ్డీ కొనమీద పడి గట్టిపడుతుంది. కొన్ని గంటల్లో వేలెడంత కెంపు గడ్డ తయారు. కరిగిన పై భాగం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది కాబట్టి ఒకదానిపై ఒకటి పేరుకునే పొరలు కూడా వంపు తిరుగుతాయి. ఆ వంపే దీని ఆనవాలు. పదింతలు పెద్దగా చూపే లెన్స్ కింద రాయిని మెల్లగా తిప్పుతూ చూస్తే పాత గ్రామఫోన్ రికార్డు గీతల్లా సన్నని వంపు గీతలు, అక్కడక్కడా గుండ్రని గాలి బుడగలు కనిపిస్తాయి. భూమిలో పెరిగిన కెంపులో పెరుగుదల గీతలు వంపు లేకుండా తిన్నగా, మూలలు తిరిగి ఉంటాయి. సన్నటి పట్టుపోగుల్లాంటి సూదులూ కనిపిస్తాయి.

పాలలో వేస్తే పాలు ఎర్రగా కనిపించాలని, గాజు మీద గీస్తే గీత పడాలని మన దగ్గర చెప్పే పరీక్షలు ఇక్కడ పనికిరావు. ఇలా తయారుచేసిన సింథటిక్ కెంపుకూ అదే రంగు, అదే గట్టిదనం. మన అమ్మమ్మల కమ్మల్లోని ఎర్రరాళ్లలో కూడా ఇలాంటివి ఉంటాయి. దశాబ్దాలుగా వాడినా వాటి మెరుపు తగ్గలేదంటే కారణం ఆ గట్టిదనమే.

పోచంపల్లి చీర ఎరిగినవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. మగ్గం మీద నేసిన ఇక్కత్ ఒకటి, అదే నూలుతో మిషన్ మీద నేసింది ఇంకొకటి, ఉత్త గుడ్డ మీద ఆ డిజైన్ అచ్చు వేసింది మరొకటి. సింథటిక్ కెంపు రెండో రకం. ఎర్రగాజు మూడో రకం. ఏ రకమో చెప్పి అమ్మితే ఎవరికీ నష్టం లేదు.

ఇక కాల్చిన రాళ్ల సంగతి. మార్కెట్లో దొరికే కెంపులు, నీలాల్లో ఎక్కువ భాగం కాల్చినవే. రాయిలోని ఆ పట్టుపోగుల్లాంటి సూదులు టైటానియం ఆక్సైడ్. సుమారు 1,600 డిగ్రీల వేడిలో అవి స్ఫటికంలో కరిగిపోతాయి. మసక పోతుంది. విడుదలైన టైటానియం ఇనుముతో కలిసి నీలం రంగునిస్తుంది. శ్రీలంకలో ఒకప్పుడు పక్కన పారేసిన పాలరంగు రాళ్లను 1970లలో థాయ్ వ్యాపారులు ఇలాగే కాల్చి మేలైన నీలాలుగా మార్చారు. ఆ రంగు శాశ్వతం, రాయి గట్టిదనం కూడా తగ్గదు. కాల్చిన రాయిని నేను తక్కువగా చూడను. కాల్చనిదని చెప్పి ఎక్కువ ధర అడిగితే మాత్రం ల్యాబ్ రిపోర్టు చూపించమనాలి.

నాకు నిజంగా బాధ కలిగించేది సీసపు గాజు నింపిన కెంపు. 2000ల మొదట్లో మార్కెట్లోకి వచ్చింది. పగుళ్లతో నిండి దేనికీ పనికిరాని రాయిని తీసుకుని, యాసిడ్‌తో కడిగి, సీసం ఎక్కువున్న గాజును కరిగించి ఆ పగుళ్లలోకి ఎక్కిస్తారు. సీసం వల్ల ఆ గాజు కాంతిని దాదాపు కెంపులాగే వంచుతుంది. పగులు దగ్గర వెలుగు చెదరదు కాబట్టి పగులు కంటికి కనిపించదు. లెన్స్ కింద వాల్చి చూస్తే లోపల నీలంగానో నారింజగానో తళుక్కుమంటుంది, నలిగినట్టున్న బుడగలు కనిపిస్తాయి. ఇలాంటి ఉంగరం వదులైందని అవుసలాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మామూలుగా చేసినట్టే మంట పెట్టి, యాసిడ్‌లో ముంచితే చాలు, గాజు పాడై పగుళ్లన్నీ బయటపడతాయి. తప్పు ఆయనది కాదు, రాయి సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నిమ్మరసం కూడా ఆ గాజును తినేస్తుందని ప్రయోగాల్లో తేలింది. రోజూ వంట చేసే చేతికి ఇది తగదు.

జాతకం చూపించుకుని వచ్చినవాళ్లకు "సింథటిక్ పనిచేయదు, నాచురలే పెట్టుకోవాలి" అని చెబుతారు. రాయి గ్రహాల ప్రభావాన్ని మారుస్తుందనడానికి విజ్ఞానశాస్త్రంలో ఆధారం లేదు. నమ్మకం ఎవరిది వారిది. కానీ ఆ మాట పట్టుకుని తక్కువ బడ్జెట్‌లో పెద్ద "నాచురల్" కెంపు వెతికేవాళ్లకే ఈ గాజు రాళ్లు అంటగడుతున్నారు. రోజూ వేలికి ఉండే ఉంగరానికైతే నేను సింథటిక్ కెంపే ఎంచుకోమంటాను. నమ్మకం కోసం సహజమైనదే కావాలంటే గాజు నింపని చిన్న రాయి చాలు.

మిగతా వాటిలో పచ్చకు పగుళ్లు సహజం, వాటిలో నూనె నింపడం మామూలే. అందుకే దాన్ని వేడినీళ్లలో కడగకూడదు. కనకపుష్యరాగంతో జాగ్రత్త. బెరీలియం అనే లోహం చొప్పించి పసుపు రంగు తెప్పిస్తారు, అది లెన్స్‌కు చిక్కదు, మంచి ల్యాబే పట్టుకోవాలి. గోమేధికాన్ని సాధారణంగా ఏమీ చేయరు. ఇప్పుడు అమ్మే ముత్యాలు దాదాపు అన్నీ పెంచినవే.

వజ్రానికైతే షాపులో పెన్నులాంటి టెస్టర్ పెట్టి "చూడండి, మోగింది" అంటారు. అది రాయి వేడిని ఎంత త్వరగా లాగేస్తుందో కొలుస్తుంది, అంతే. ల్యాబ్‌లో తయారైన వజ్రమూ అదే కార్బన్ స్ఫటికం కాబట్టి దానికీ మోగుతుంది. నారాయణపేట ప్రాంతంలో వజ్రాలను లోతుల్లోంచి పైకి మోసుకొచ్చే కింబర్లైట్ శిలలున్నాయి. వాటి వయసు దాదాపు 110 కోట్ల ఏళ్లు. అక్కడ వజ్రాల గని లేదు కానీ, సహజ వజ్రం ధరలో ఎక్కువ భాగం అలాంటి చరిత్రకూ, అరుదుదనానికీ ఇచ్చేదే. ల్యాబ్‌లో ఆ పని కొన్ని వారాల్లో అయిపోతుంది. ల్యాబ్ వజ్రం ధర కూడా కొన్నేళ్లుగా పడిపోతూ వచ్చింది. అందానికి కొనుక్కుంటే బాగుంటుంది, దాచుకునే సొమ్ముగా మాత్రం లెక్కేసుకోవద్దు.

హాల్‌మార్క్ చెప్పేది బంగారం స్వచ్ఛత గురించి, రాయి గురించి కాదు. కుదువ పెట్టినప్పుడు రాళ్ల బరువు తీసేసే లెక్క కడతారు. అందుకే బిల్లులో బంగారం బరువు, రాయి బరువు విడివిడిగా రాయించుకోవాలి. "నాచురల్ రూబీ" అని రాస్తే సరిపోదు. కాల్చారా, గాజు నింపారా అన్నదీ ఉండాలి. ఖరీదైన రాయైతే ల్యాబ్ రిపోర్టు చేతికిచ్చాకే డబ్బు కట్టాలి. రాయికి ఏం చేశారో బిల్లులో రాయడానికి షాపువాళ్లు ఒప్పుకోకపోతే, ఆ రాయికి సింథటిక్ ధర కన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.