జిరాయితీ అంటే ఏమిటి? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో దస్తావేజు లేఖరిగా నేను రోజూ రాసే మాట జిరాయితీ. ఇప్పటి వాడుకలో ప్రభుత్వ భూమి కాని పట్టా భూమి అని. "జిరాయితీయేనండి, భయం లేదు" అని అమ్మేవారు అంటారు, కొనేవారు తలూపి బయానా ఇచ్చేస్తారు. కూడబెట్టిన సొమ్మంతా ఒక్క మాట మీద పెట్టేవాళ్లను చూస్తే నాకు గుబులుగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇది బ్రిటిష్‌వాళ్లు పెట్టిన రెవెన్యూ మాట.

వాస్తవం: విత్తడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి 'జిరాఅత్' పుట్టింది. అంటే సేద్యం. అది పారసీలోకి, హిందుస్తానీలోకి, ఆపైన మన కచేరీల్లోకి వచ్చింది. శ్రీకాకుళంలో గోల్కొండ ఫౌజుదార్లు (సుల్తాను తరఫు పాలనాధికారులు) ఉన్న ప్రాంతం మనది. 1765లో మొగలు ఫర్మానాతో మన ప్రాంతమున్న ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. కచేరీ, జమాబందీ, తహసీల్ లాంటి మాటల్ని కంపెనీ మార్చలేదు, ఉన్నవాటినే వాడుకుంది. శివారు పల్లెను మజరా అంటాం కదా, అదీ ఈ ధాతువు బిడ్డే.

అపోహ: హిందీ నుంచి వచ్చిన మాటే కాబట్టి ఎక్కడైనా అర్థం ఒకటే.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మహారాష్ట్రలో జిరాయత్ అంటే వానాధారపు మెట్ట. నీటి వసతి ఉన్నది బాగాయత్. మన దగ్గర అలా కాదు. చెరువు కింద పల్లమైనా, మెట్ట గరువైనా జిరాయితీ కావచ్చు. జిరాయితీ అని రాస్తే మెట్ట అని ఎవరూ అనుకోకూడదు. పల్లమో మెట్టో దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో వేరే రాయాల్సిందే.

బీహారుకు వెళ్తే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ జిరాత్ అంటే భూస్వామి సొంత సేద్యపు భూమి. 1885 నాటి బెంగాల్ కౌలుదారీ చట్టం యజమాని సొంత భూమికి ఉన్న పేర్లలో దీన్నీ చేర్చింది. చంపారన్‌లో నీలిమందు దొరలు నేరుగా సాగు చేయించిన భూమి జిరాత్. రైతు చేత ఇరవై కఠాల్లో మూడు కఠాలు బలవంతంగా నీలి వేయించడం తీన్‌కఠియా. 1917లో గాంధీ వెళ్లింది ఆ రైతుల కోసమే.

మన జమీందారీల్లో సొంత సేద్యపు భూమిని కమతం అనేవారు. రైతు అనుభవంలో ఉండి, శిస్తు కట్టే భూమి జిరాయితీ. అక్కడ యజమానిది, ఇక్కడ రైతుది! నాకు తోచినంతలో ఇందులో వైరుధ్యం లేదు. మాటకు అసలు అర్థం సేద్యం. ఎక్కడ ఎవరి సేద్యం లెక్కకెక్కిందో, మాట వాళ్ల పక్షాన నిలిచింది.

ఆ తేడాకు ఒకప్పుడు చాలా విలువ ఉండేది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ప్రకారం జిరాయితీ భూమిలో ఉన్న రైతుకు శాశ్వత అనుభవ హక్కు ఉంది. కమతంలో కౌలుకు చేసేవాడికి అది లేదు. కనుక భూమి కమతమా జిరాయితీయా అన్న వ్యాజ్యం ఒక కుటుంబం బతుకుదెరువును తేల్చేది. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక రైతుకూ, సొంత భూమి మేరకు జమీందారుకూ రైతువారీ పట్టాలు (నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే హక్కు పత్రాలు) వచ్చాయి. పాత గీత చెరిగిపోయింది. ఇప్పుడు మనవాళ్లు ప్రభుత్వ భూమి కాని ప్రతి పట్టా భూమినీ జిరాయితీ అనేస్తున్నారు. పాత పత్రం చదివేటప్పుడు ముందు సంవత్సరం చూడండి. 1948కి ముందు రాసిన జిరాయితీ, నిన్న రాసిన జిరాయితీ ఒకటి కావు.

అపోహ: 1956లో ఇనాములు (గుళ్లకో, సేవలకో శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన భూములు) రద్దయ్యాయి కాబట్టి అవన్నీ జిరాయితీ అయిపోయాయి.

వాస్తవం: వాటంతటవే కాలేదు. విచారణ జరిగి రైతువారీ పట్టా రావాలి. గుడి ఇనామైతే పట్టా గుడి పేరునే ఉండవచ్చు, సాగు చేసే కుటుంబం ఎన్ని తరాలుగా చేస్తున్నా సరే. పట్టా కాగితం చూపించమని అడగండి.

అపోహ: దస్తావేజులో జిరాయితీ అని ఉంటే హక్కు ఖాయం.

వాస్తవం: ఆ మాట రాయించింది అమ్మేవారు, రాసింది నాలాంటి లేఖరి. ప్రభుత్వం ఇచ్చిన హామీ కాదది. భూమిలేని పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మకానికి సాధారణంగా 1977 చట్టం అడ్డు ఉంది. దాన్ని జిరాయితీ అని రాసినంతలో ఆ అడ్డు పోదు. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (సెటిల్‌మెంట్ నాడు ఏ భూమి ఏ రకమో రాసిన రెవెన్యూ రికార్డు) నకలు తీయించండి. అదే సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో చూడండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆ తర్వాత. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఈసీతోనే ఆగిపోతారు. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి, భూమి పుట్టుక కనిపించదు.

అపోహ: ఏజెన్సీలోనూ జిరాయితీ పట్టా ఉంటే ఎవరైనా కొనవచ్చు.

వాస్తవం: 2022 వరకూ మన జిల్లాలో ఉన్న సాలూరు, గుమ్మలక్ష్మీపురం వైపు షెడ్యూల్డ్ గ్రామాల్లో 1/70 (గిరిజన ప్రాంత భూముల బదిలీ మీద 1970 నాటి ఒకటో నిబంధన) వర్తిస్తుంది. పట్టా ఎంత పాతదైనా కొనేవారు గిరిజనులై ఉండాలి. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా అక్కడ చెల్లదు.