స్థాయిలో 31 మెట్లు

తంబురా మంద్ర షడ్జాన్ని మీటి చెవి దగ్గరగా పెట్టి వింటే, షడ్జంతోపాటు అంతర గాంధారం కూడా సన్నగా వినబడుతుంది. ఆ తీగ సెకనుకు 120 సార్లు కంపిస్తుంటే, అందులోనే పుట్టే ఐదు రెట్ల కంపనం, అంటే 600 హెర్ట్జ్, ఆ గాంధారం. అదే షడ్జానికి శ్రుతి చేసిన కీబోర్డులో ఆ గాంధారాన్ని నొక్కితే వచ్చేది సుమారు 604.8 హెర్ట్జ్, రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకు దాదాపు ఐదు విస్పందనాలతో, అంటే హెచ్చుతగ్గులతో, నాదం వణుకుతుంది. స్థాయిని, అంటే ఒక షడ్జం నుంచి పై షడ్జం వరకు ఉన్న దూరాన్ని, 1200 సెంట్లుగా కొలిస్తే తంబురాలో వినబడే ఈ సహజ గాంధారం 386 దగ్గర ఉండగా, స్థాయిని 12 సమాన భాగాలు చేసిన కీబోర్డు దాన్ని 400 దగ్గర నిలబెట్టింది.

డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1691లో ఈ భాగాలను 31గా లెక్కించి చూపాడు. ఒక్కో మెట్టు 38.7 సెంట్లు, పదో మెట్టు 387, అంటే గాంధారం దాదాపు సహజమే. పంచమానికి 18వ మెట్టు దక్కుతుంది కానీ, అది సహజ పంచమం కంటే ఐదు సెంట్లు తక్కువ. ఈ విషయంలో 12 భాగాల పద్ధతే మేలు. అయినా గాంధారం కుదుటపడినందుకు ఈ మూల్యం ఎక్కువేమీ కాదని నాకనిపిస్తుంది.

స్వరాల వరుసను కట్టడానికి కూడికలు చాలు. మధ్యమమైన 13తో (31లో పంచమపు 18 పోగా మిగిలేది) మొదలుపెట్టి, ప్రతిసారీ పంచమపు 18 కలుపుతూ, 31కి చేరినా దాటినా 31 తీసేస్తూ పోతే 13, 0, 18, 5, 23, 10, 28 వస్తాయి. వీటిని క్రమంలో పెడితే మెట్ల మధ్య దూరాలు 5, 5, 3, 5, 5, 5, 3, ఇది శంకరాభరణ రాగపు స్వరాల వరుస. మనం కలిపినవి పంచమాలే అయినా గాంధారం తనంతట తానే పదో మెట్టు మీదకు వచ్చి కూర్చుంది.

భౌతిక శాస్త్రవేత్త ఆడ్రియాన్ ఫోకర్ చొరవతో 1950లో నెదర్లాండ్స్‌లోని హార్లెం నగరంలో ఈ శ్రుతికి ఒక పెద్ద ఆర్గన్ సిద్ధమైంది. అలాంటి వాద్యం చేతికొస్తే పాత స్వరాలను శుభ్రంగా వాయించడంతో ఆగనక్కరలేదు. పంచమం 12 భాగాల పద్ధతిలో ఏడు మెట్లు కనుక సగానికి విరగదు. ఇక్కడ 18 కనుక 9, 9గా విరుగుతుంది. ఈసారి సున్నా నుంచి తొమ్మిదేసి కలుపుతూ పోతే 0, 9, 18, 27, 5, 14, 23 దొరుకుతాయి. ఇందాకటి శంకరాభరణంతో పోల్చి చూస్తే గాంధార నిషాదాలు ఒక్కొక్క మెట్టు దిగాయి, మధ్యమం ఒక మెట్టు ఎక్కింది, మిగిలినవి కదలలేదు. మామూలు కీబోర్డు మీద ఆ మూడు స్వరాలూ మీటల మధ్య సందుల్లో పడతాయి.