ఫ్యాన్ మోగితే సిస్టమ్ పోయినట్టు కాదండీ

"గుర్రుమని సౌండ్ వస్తోందండీ, మదర్‌బోర్డు పోతోందట, కొత్త సిస్టమ్ కొనుక్కోమన్నారు." ఎండాకాలం వస్తే గుంటూరు అరండల్‌పేటలో మా కంప్యూటర్ రిపేరు షాపులో ఈ మాట వినని వారం ఉండదు.

మదర్‌బోర్డు అంటే లోపలుండే మెయిన్ సర్క్యూట్ బోర్డు, ప్రాసెసర్ అంటే దాని మీదుండే మెయిన్ చిప్పు. వాటిలో తిరిగే భాగమే లేదు, గరగరమని ఎలా మోగుతుంది? మోగేది ఫ్యాను. టక్ టక్ అని కొట్టుకుంటుంటే మాత్రం పాత హార్డ్ డిస్కు కావచ్చు, అప్పుడు ముందు డేటా కాపీ చేసుకోండి.

మొన్న మార్చిలో మిర్చి యార్డు నుంచి ఒక కమీషన్ కొట్టు గుమస్తా గారు సీపీయూని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. "సీజన్ లెక్కలన్నీ ఇందులోనే ఉన్నాయి బాబూ, పోతే ఓనరుకి ఏం చెప్పను" అంటుంటే ఆయన చేతులు వణుకుతున్నాయి. వేరేచోట మొత్తం మార్చాలన్నారట. సైడ్ డోర్ తీయగానే ఘాటుకి ఇద్దరం తుమ్మాం. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య ఎర్రటి దుమ్ము దూదిలా పట్టేసింది, డిస్కుని బోర్డుకి కలిపే సాటా కేబుల్ ఒకటి జారి ఫ్యాన్ రెక్కలకి తగులుతోంది, ఆ కేబుల్ అంచు మీద గీరుకుపోయిన తెల్లటి గీత కూడా ఉంది. కేబుల్‌ని టై వేసి పక్కకి కట్టాను, దుమ్ము బ్రష్‌తో దులిపాను, ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య సున్నం పెచ్చులా ఎండిపోయిన పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాను. పేస్టు డబ్బులు, నా కూలి, అంతే. ఆ మనిషిని అంత భయపెట్టాల్సిన పనేముంది?

ఫ్యానులో కొబ్బరినూనె వేస్తే సౌండ్ పోతుందంటారు. రెండు రోజులు తగ్గుతుంది, తర్వాత నూనెకి దుమ్ము పట్టి జిగురైపోతుంది. బేరింగ్ అరిగితే ఫ్యానే మార్చాలి, 80 మిల్లీమీటర్లా 120యా, ప్లగ్గు 3 పిన్నులా 4 పిన్నులా చూసుకుని తెచ్చుకోండి. బ్లోయర్ కొట్టేటప్పుడు పవర్ తీసేసి రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. సౌండ్ భరించలేక ప్రాసెసర్ ఫ్యాన్ వైరు పీకేసేవాళ్లూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, వేడి 100 డిగ్రీల దాకా ఎక్కి సిస్టమ్ నత్తలా నడుస్తుంది, లేదా ఆగిపోతుంది. డోర్ తీసి వాడితే చల్లగా ఉంటుందనుకుంటే మన ఊళ్లో దుమ్ము ఇంకా తొందరగా చేరుతుంది.

సౌండ్ ఎస్ఎంపీఎస్‌లోంచి, అంటే సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బాలోంచి వస్తుంటే మాత్రం ఆ డబ్బా విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, షాక్ కొడుతుంది. తెలిసినవాళ్లకి ఇవ్వండి.