వాల్‌ప్రోయేట్: మాత్ర చేరింది, హెచ్చరిక చేరలేదు

మా బంధువుల్లో ఒకమ్మాయి పెళ్లయిన కొత్తలో తన మాత్రల్ని మెంతుల డబ్బాలో దాచుకునేది. పదిహేనో ఏట మొదలైన ఫిట్స్‌కి వాడుతున్న సోడియం వాల్‌ప్రోయేట్ అది. అత్తగారింట్లో తెలిస్తే ఏమవుతుందోనని భయం. వాళ్ల నాన్న నెలకోసారి వచ్చి మాత్రల అట్టలు చేతిలో పెట్టి వెళ్లేవాడు. నెల తప్పిన సంగతి ఏడో వారంలో తేలింది. ఆ మందు కడుపులో బిడ్డకు మంచిది కాదని అప్పుడు ఎవరో చెప్పారు. ఆ రాత్రే మానేసింది. నాలుగో రోజు స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి పడిపోయింది.

ఆమెకి ఆ మాట అంత ఆలస్యంగా ఎందుకు తెలిసిందో అర్థం కావాలంటే ఈ మందు కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

మన జటామాంసికి దగ్గరి చుట్టమైన వలేరియన్ మొక్క వేళ్లలో వాలెరిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని పోలిన, ఈ మాత్రకు మూలమైన వాల్‌ప్రోయిక్ ఆమ్లాన్ని 1882లో బెవర్లీ బర్టన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. ఎనభై ఏళ్ల పాటు అది మందు కాదు, వేరే మందుల్ని కరిగించే ద్రవం మాత్రమే. 1962 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో పియర్ ఎమార్ అనే పరిశోధక విద్యార్థి తాను తయారుచేసిన పదార్థాలు నీళ్లలో కరగక ఈ ద్రవంలో కలిపాడు. గ్రెనోబుల్‌లో జంతువుల మీద పరీక్షిస్తే ఏ పదార్థం కలిపినా ఫిట్స్ ఆగుతున్నాయి. పనిచేస్తున్నది కలిపిన పదార్థం కాదు, కలిపిన ద్రవమేనని తేలింది. 1967లో ఫ్రాన్స్‌లో, 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది.

డాక్టర్లు దీన్ని ఇష్టపడడానికి గట్టి కారణమే ఉంది. దాదాపు అన్ని రకాల ఫిట్స్ మీదా పనిచేస్తుంది. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి టీ గ్లాసు జారిపోయే రకం ఒకటుంది, టీనేజీలో మొదలవుతుంది. దానికి ఇంత బాగా పనిచేసే మందులు తక్కువ. ఉన్మాద దశలో నిద్ర లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, ఉన్న డబ్బంతా ఖర్చుపెట్టేసే మనిషిని నెమ్మదింపజేయడానికి కూడా వాడతారు. అమెరికాలో అందుకు 1995లో అనుమతి ఇచ్చారు. ఈ మందు వల్ల నిలబడ్డ జీవితాలు లెక్కలేనన్ని. దీన్ని విషంగా చూపించే రాతలు చూస్తే నాకు బాధేస్తుంది.

1982లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టుక లోపాల రిజిస్టరు చూస్తున్న ఎలిజబెత్ రాబర్ట్ ఒక విషయం పసిగట్టారు. వెన్నుపూస పూడకుండా పుట్టిన బిడ్డల తల్లుల్లో వాల్‌ప్రోయేట్ వాడినవాళ్లు ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉన్నారు. ఆ ఏడాదే అది వైద్య పత్రికకెక్కింది. తర్వాతి అధ్యయనాలతో లెక్క తేటపడింది. గర్భంలో ఈ మందు సోకిన నూరుమంది బిడ్డల్లో సుమారు పదిమందికి పెద్ద లోపాలుంటాయి, మామూలుగా అయితే ఇద్దరికో ముగ్గురికో. మాట, నడక, చదువు, నడవడికల్లో వెనకబాటు ముప్పై నుంచి నలభై మందికి ఉండొచ్చు. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. బిడ్డ వెన్ను మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే. చాలామందికి నెల తప్పిన సంగతి ఖాయమయ్యేసరికే ఆ గడువు దాటిపోతుంది.

1982లో డాక్టర్లకు తెలిసింది తల్లులకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఫ్రాన్స్‌లో తన ఇద్దరు బిడ్డలకూ నష్టం జరిగిన మరీన్ మార్టిన్ 2011లో బాధితుల సంఘం పెట్టి పోరాడింది. 2018లో ఐరోపా ఔషధ సంస్థ నిబంధనలు బిగించింది: గర్భం రాకుండా జాగ్రత్తలు పాటిస్తేనే ఈడున్న ఆడవాళ్లకు ఈ మందు. 2020లో బ్రిటన్‌లో ఈ మందుపైనా విచారణ జరిపిన కంబర్లెజ్ నివేదిక, ఆడవాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నా వినలేదని తేల్చింది.

మన దేశంలో కేరళలోని శ్రీచిత్ర వైద్య సంస్థ 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల రిజిస్టరు నడుపుతోంది. అది మంచి పని. కానీ మన దగ్గర మాట చేరకపోవడానికి ఇంకో కారణం ఉంది, దాపరికం. 1999 దాకా హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ పెళ్లి రద్దుకు ఒక కారణంగా ఉండేది. చట్టం మారింది గానీ సంబంధాలు చూసే ఇళ్లలో భయం మారలేదు. దాచుకున్న మాత్ర గురించి ఎవర్ని అడుగుతుంది? మెడికల్ షాపులో పది మాత్రల అట్ట కత్తిరించి ఇస్తారు. వివరాల కాగితం పెట్టెలోనే ఉండిపోతుంది.

అందుకే నా మనసులో మాట. పెళ్లి మాట మొదలైనప్పుడే న్యూరాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవాలి. మందు మార్చాలన్నా, తగ్గించాలన్నా, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలన్నా గర్భానికి ముందే జరగాలి. సొంతంగా మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు. ఆగకుండా వచ్చే ఫిట్స్ తల్లి ప్రాణానికీ ముప్పే.

మిగతా ఇబ్బందుల్లో బరువు పెరగడం, జుట్టు రాలడం, చేతులు వణకడం మామూలుగా కనిపించేవి. కాలేయం దెబ్బతినడం అరుదు, కానీ ప్రాణాంతకం. మందు మొదలుపెట్టిన మొదటి ఆరు నెలల్లో, రెండేళ్లలోపు పిల్లల్లో ముప్పు ఎక్కువ. వాంతులు, మత్తు, ఆకలి చచ్చిపోవడం, ఫిట్స్ మళ్లీ ఎక్కువవడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లు పచ్చబడితే పసరు మందుకి తీసుకెళ్లే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఈ మాత్ర వాడేవాళ్ల విషయంలో అలా పోయిన రోజులు తిరిగి రావు. కడుపులో భరించలేని నొప్పి వస్తే క్లోమం వాచిందేమో చూడాలి. ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరితే ఈ మాత్ర సంగతి ముందే చెప్పాలి. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తే రక్తంలో వాల్‌ప్రోయేట్ మోతాదు ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది.

మా బంధువుల అమ్మాయికి పాప పుట్టింది. వెన్ను బాగానే ఉంది. మాటలు నాలుగో ఏట గానీ రాలేదు. అది మందు వల్లేనా అని ఆమె ఇప్పటికీ అడుగుతుంది. ఒక్క బిడ్డ విషయంలో అలా తేల్చి చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు. రెండో కాన్పుకి ఏడాది ముందే భర్తను వెంటబెట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లింది. ఆయన మందు మెల్లగా మార్చారు. ఇప్పుడు మాత్రలు వంటింటి గట్టు మీదే, అందరికీ కనిపించేలా ఉంటున్నాయి.