మౌంట్ ఏమస్ ఎక్కబోయే మనవాళ్లకు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

నవంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో చదువుకునే పిల్లలకు డిసెంబర్ సెలవులు. నలుగురైదుగురు కలిసి ఆ దేశానికి దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవికి వెళ్తారు, కారు అద్దెకు తీసుకుని తిరుగుతారు. ఆ తిరుగుడులో ఫ్రేసినే నేషనల్ పార్క్ తప్పకుండా ఉంటుంది. అక్కడ మౌంట్ ఏమస్ మీద నిలబడి, కింద అర్ధచంద్రాకారంలో ఉన్న వైన్‌గ్లాస్ బే కనబడేలా ఒక ఫొటో దిగాలి. అదీ ప్లాన్. హైదరాబాద్‌లో నేను బండలెక్కడం నేర్పిస్తాను కాబట్టి వెళ్లేముందు పిల్లలు నన్ను అడుగుతారు. వాళ్లు వెళ్లాక వాళ్ల అమ్మానాన్నలు అడుగుతారు. ప్రశ్నలు మాత్రం మారవు.

"454 మీటర్లే కదా సార్!"

నిజమే, 454 మీటర్లే. మన హైదరాబాదే సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అంటే మీరు కూకట్‌పల్లిలో మంచం మీద పడుకుని ఉన్నా ఆ శిఖరం కన్నా ఎత్తులోనే ఉన్నట్టు. కానీ అక్కడ నడక సముద్రం పక్కన మొదలవుతుంది. పోనురాను కలిపి దాదాపు నాలుగు కిలోమీటర్లు, దానికి మూడు గంటలు పడుతుందని పార్కువాళ్లే చెబుతారు. కేబీఆర్ పార్కులో నాలుగు కిలోమీటర్లు గంటలోపే అయిపోతాయి. మరి ఇక్కడ మూడు గంటలెందుకు? చాలాచోట్ల అది నడక కాదు, వాలు బండ మీద చేతులూ కాళ్లూ వేసి పాకడం. ఎత్తు అంకె చూసి కొండను అంచనా వేయొద్దు, వాలు చూడండి.

"వాన ఆగిపోయింది, ఇక పర్వాలేదు"

నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించే మాట ఇదే. ఆ కొండ మీద మనుషులు ఇరుక్కుపోయేదీ, జారిపడేదీ ఎక్కువగా ఈ మాట నమ్మే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పొడిగా ఉన్న గ్రానైట్ మీద నడవడం ఎంత హాయో ఖాజాగూడ గుట్టల మీద తిరిగినవాళ్లకు తెలుసు. స్ఫటికాలన్నీ గరుకుగా పైకి తేలి ఉంటాయి, బూటు రబ్బరు ఆ గరుకులోకి ఒదిగి పట్టుకుంటుంది. మనం బండ మీద నిలబడగలిగేది ఆ పట్టు వల్లే. అదే బండ తడిసిందంటే రబ్బరుకూ రాయికీ మధ్య పలచగా నీటి పొర చేరుతుంది. దానికి తోడు పాచి, రాతిపూత. ఎండాకాలంలో నల్లగా ఎండిపోయి కనిపించే మరకలు తడవగానే జారుడుగా మారతాయి. అప్పుడు మీది పదివేల రూపాయల బూటైనా జారుతుంది. ఏమస్ దారి తడిగా ఉన్నప్పుడు ఎక్కొద్దని పార్కువాళ్లు చెప్పేది ఊరికే కాదు.

ఇక వాన ఆగాక ఏమవుతుంది? గ్రానైట్ పైభాగం ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోతుంది. మన మౌలాలి గుట్ట మీదా భువనగిరి బండ మీదా కనిపించేది అదే. వాన నీళ్లు ఆ పొరల సందుల్లోకి, పైన పొదల కింద ఉన్న మట్టిలోకి దిగుతాయి. వాన ఆగిన గంటల తర్వాత కూడా అక్కడి నుంచి సన్నగా ఊరుతూ బండ మీదికి జారుతూనే ఉంటాయి. పైన ఎండ కాస్తుంటుంది, చుట్టూ రాయి పొడిగా మెరుస్తుంటుంది, మీరు కాలు వేయాల్సిన చోట మాత్రం తడి చార. అసలు వానే లేకపోయినా సముద్రం మీద నుంచి వచ్చే పొగమంచు, తెల్లవారుజామున పడే తేమ చాలు. సూర్యోదయం చూడాలని హెడ్ టార్చ్ పెట్టుకుని చీకట్లో బయల్దేరే బ్యాచ్‌లకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఇదే: టార్చ్ వెలుగులో తడి రాయీ పొడి రాయీ ఒకేలా మెరుస్తాయి.

మొదటి వాలు బండ దగ్గర ఆగి ఒక పని చేయండి. నల్లటి చారల మీద అరచేయి పెట్టి చూడండి. తర్వాత మీ ఎత్తుకు రెండింతలు మాత్రం పైకెక్కి, అక్కడి నుంచి దిగి చూడండి. దిగేటప్పుడు కాళ్లు వణికితే ఆ రోజుకు అంతే. ఇది పిరికితనం అనే స్నేహితుడు గుంపుకొకడు ఉంటాడు. వాడి మాట వినకండి.

"ఎక్కినవాళ్లం దిగలేమా?"

పై అపోహకు ఇది తోడబుట్టింది. ఎక్కేటప్పుడు రాయి ముఖానికి దగ్గరగా ఉంటుంది, ఎక్కడ కాలు పెట్టాలో కళ్లముందే కనిపిస్తుంది. దిగేటప్పుడు కాలు ఎక్కడో కింద, ఆ పాదం వెనకాల ఏకంగా సముద్రం. మోకాళ్లు అప్పటికే అలిసిపోయి ఉంటాయి. భయంతో మనిషి వెనక్కి, బండ వైపు వాలతాడు. అలా వాలగానే పాదాల మీద బరువు తగ్గి కాళ్లు ముందుకు జారతాయి. ఇంకొందరు కూర్చుని జరుగుతారు. ప్యాంటు గుడ్డకు రబ్బరుకున్న పట్టు ఉండదు. కాస్త వాలు పెరగ్గానే జరగడం కాస్తా జారడం అవుతుంది.

బరువు పాదాల మీదే ఉండాలి. మోకాళ్లు కొంచెం వంచి, అరికాలు మొత్తం రాయికి ఆనించి, చిన్న చిన్న అడుగులు. మరీ నిటారుగా ఉన్నచోట బండ వైపు తిరిగి నిచ్చెన దిగినట్టు దిగాలి. ఇది యూట్యూబ్ చూస్తే రాదు. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి చిన్న బండ మీద ప్రాక్టీస్ చేస్తే వస్తుంది.

రెండేళ్ల కిందట అనుకుంటా, ఉప్పల్ నుంచి ఒక ఆంటీ ఫోన్ చేశారు. అబ్బాయి ఫోన్ కలవడం లేదు, పొద్దున కొండ ఎక్కుతున్నానని మెసేజ్ పెట్టాడు, ఇప్పుడక్కడ సాయంత్రం. ఆవిడ గొంతు పూర్తిగా ఆరిపోయి ఉంది. సిగ్నల్ లేక అయ్యుంటుందని చెప్పాను, నిజానికి తొంభై పాళ్లు అదే కారణం. రాత్రికి అబ్బాయి మాట్లాడాడు. జల్లు పడి ఆగాక ఎక్కారట. పైన ఉండగా మబ్బు కమ్మి మళ్లీ నాలుగు చినుకులు. ఐదుగురిలో ఇద్దరు సగం దారిలో ఒక పగులు దగ్గర కూర్చుండిపోయారు, పైకీ కిందికీ కదల్లేక. బండ ఆరేదాకా అలాగే ఉన్నారు. తర్వాత దిగుతున్న ఒక కుటుంబం వీళ్ల కింద నిలబడి, ఎడమ కాలు ఇక్కడ, కుడి కాలు అక్కడ అని ఒక్కొక్క అడుగూ చూపించి దింపారట. జీన్స్ చిరిగాయి, అంతకుమించి ఏమీ కాలేదు. ఆ కుర్రాడు మంచి క్రికెటర్, ఒంట్లో బలం బాగా ఉంది. తడి బండకు బలంతో పనిలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. "వద్దు, వెళ్లకు" అంటే పిల్లలు మీకు చెప్పకుండా వెళ్తారు. దాని బదులు "ఎన్నింటికి మొదలుపెడతావు, ఎన్నింటికి కిందికొస్తావు, తడిగా ఉంటే ఎక్కడికి వెళ్తావు" అని అడగండి. మూడో ప్రశ్నకు మంచి జవాబులే ఉన్నాయి. అదే పార్కింగ్ నుంచి వైన్‌గ్లాస్ బే లుకౌట్‌కు వేరే దారి ఉంది. మెట్లతో చక్కగా కట్టిన దారి, అదే సముద్రతీరం ఇంకో కోణంలో కనిపిస్తుంది. అదీ వద్దనుకుంటే కేప్ టూర్‌విల్ లైట్‌హౌస్ దగ్గర ఇరవై నిమిషాల చెక్క బాట ఉంది. మీరే వెళ్లినా హాయిగా నడవొచ్చు.

"భువనగిరి కోట ఎక్కాను, ఇదెంత?"

కోటకు మెట్ల దారిలో ఎక్కారా, బండ మీదుగా ఎక్కారా? 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ మొదలుపెట్టింది ఆ బండ మీదే, మెట్ల మీద కాదు. అయినా రాయి సంగతిలో మనవాళ్లకు ఒక లాభముంది. ఏమస్ ఉన్న హజార్డ్స్ కొండలు గులాబీ రంగులో ఉంటాయి, ఆ రంగు ఆర్థోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్‌ది. మన గులాబీ గ్రానైట్‌లోనూ రంగు ఫెల్డ్‌స్పార్‌దే. వయసులో మాత్రం మనదే చాలా పెద్దది: మనది సుమారు 250 కోట్ల ఏళ్లు, వాళ్లది 40 కోట్లకు అటూఇటూ. పొడి రాయి మీద పాదం పెట్టడం ఇక్కడ నేర్చుకుంటే అక్కడా పనికొస్తుంది.

మిగతావి గబగబా.

తాడు కావాలా? అక్కర్లేదు. పొడిగా ఉంటే చేతులు చాలు. రాయి మీద పసుపు గుర్తులుంటాయి, అవి కనిపించకపోతే వెనక్కి వచ్చి వెతకండి, కొత్త దారి కనిపెట్టొద్దు.

ఒట్టి కాళ్లతో ఎక్కితే పట్టు ఎక్కువా? బూట్ల అడుగున కూల్‌డ్రింక్ రుద్దాలా? ఈ వాట్సాప్ వైద్యాలు ఎవరు కనిపెడతారో! రెండూ వద్దు. అడుగు అరగని, మెత్తటి రబ్బరు బూట్లు చాలు.

మొసళ్లా? టాస్మేనియాలో లేవు, అవి ఆస్ట్రేలియా ఉత్తరాన. పాములున్నాయి, మూడు రకాలు, మూడూ విషమున్నవే. వాటి జోలికి వెళ్లకపోతే అవీ రావు. కాటేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏవీ చేయొద్దు. వెడల్పాటి క్రేప్ బ్యాండేజీ చెయ్యో కాలో మొత్తం బిగించి చుట్టి, కదలకుండా ఉంచి, అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 000కు ఫోన్ చేయాలి.

డిసెంబర్ కదా, చలా? అక్కడ అది ఎండాకాలం, రాత్రి ఎనిమిదిన్నర దాటేదాకా వెలుగుంటుంది. పగలు 22 డిగ్రీలే ఉన్నా ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. దారిలో నీళ్లు దొరకవు, మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లండి. జూన్, జూలైలో వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త, ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది.

ఇంకొకటి, ఇది కొండ సంగతి కాదు కానీ ఏటా ఎవరో ఒకరు ఇబ్బంది పడతారు. ఇక్కడ ప్రాక్టీస్ చేసిన బూట్లు ప్యాక్ చేసేముందు అడుగులు బ్రష్‌తో శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. ఆస్ట్రేలియా ఎయిర్‌పోర్టులో మట్టి అంటిన బూట్లను డిక్లేర్ చేయాలి, ఆవకాయ జాడీని చేసినట్టే.