అచ్చు కలిస్తే దొంగ దొరికినట్టేనా?

విశాఖపట్నం

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"దొంగతనం జరిగిన చోట దొరికిన చెప్పుల అచ్చు ఒకరి చెప్పులతో కలిసిందంటే వాడే దొంగ కదా తాతయ్యా?" అని మొన్న బుజ్జి ఫోన్‌లో అడిగింది. కాదమ్మా అని ఊరుకున్నాను. ఆ జవాబు చాలదని రాత్రంతా అనిపించింది.

అలాంటి అచ్చు పదివేల మందిలో ఒక్కరిదే కలుస్తుందనుకోండి. మన ఊళ్ళో ఇరవై లక్షల మంది ఉన్నారనుకుంటే, కలిసేవాళ్ళు రెండు వందల మంది. గాజువాకలో కొందరు, కంచరపాలెంలో కొందరు. వేరే ఆధారమేదీ లేకుండా వాళ్ళలో ఒకరిని పట్టుకుని "నువ్వే" అనడం ఘోరం.

అంకెలతో పొరపాటు ఎలా జరుగుతుందో చూడండి. 1999లో ఇంగ్లండ్‌లో ఇద్దరు పసిబిడ్డలను పోగొట్టుకున్న ఒక తల్లికే హత్యానేరం కింద శిక్ష వేశారు. వాళ్ళలాంటి ఇంట్లో ఒక బిడ్డ కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటని ఒక డాక్టరు కోర్టులో చెప్పాడు. రెండు చావులకూ సంబంధమే లేనట్టు ఆ అంకెను దానితోనే హెచ్చవేసి, 7 కోట్ల 30 లక్షల్లో ఒకటన్నాడు. ఒకే ఇల్లు, ఒకే రక్తం, సంబంధం ఎందుకుండదు? ఈ లెక్క తప్పని 2001లో గణాంక నిపుణుల సంఘమైన రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగా చెప్పింది. కోర్టుకు చూపించని వైద్య పరీక్షల ఫలితాలు బయటపడి, ఆమె విడుదలయ్యేసరికి 2003 వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు నిపుణులు రెండు ప్రశ్నలు వేసుకుంటారు. అచ్చు ఇతనిదే అయితే ఇంత పోలిక కనబడే అవకాశం ఎంత? వేరొకరిదైతే ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే సాక్ష్యం బరువు. బాగుంది, కానీ ఆ బరువు చెప్పే తక్కెడ సరైనదేనా?

మన ఊళ్ళో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది కదా. వాన అవకాశం 70 శాతం అన్న రోజులు వంద తీసుకుంటే, సుమారు డెబ్బై రోజులు వాన పడాలి. అప్పుడే ఆ అంకెను నమ్ముతాం. ఇక్కడా అంతే. వేర్వేరు మనుషులవని మనకు ముందే తెలిసిన అచ్చుల జతలు ఆ నిపుణులకు ఇచ్చి చూడాలి. పదివేలు, ఆపై బరువు అలాంటి పదివేల జతల్లో సగటున ఒక్కదానికి మించి రాకూడదు. వంద జతలతో పరీక్షించి పదివేలంటే నేనైతే ఒప్పుకోను. గచ్చు మీది శుభ్రమైన అచ్చులతో పరీక్షించి, వానకు చెదిరిన బురద అచ్చుకు వాడినా ఒప్పుకోను.

సంక్రాంతికి వస్తారుగా. ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద మనింట్లో అందరి చెప్పుల అచ్చులూ వేయిస్తాను. ఏవి ఎవరివో నాకొక్కడికే తెలుస్తుంది. మీరిద్దరూ విడివిడిగా పోల్చి రాయండి. ఎన్ని తప్పాయో కలిసి లెక్కపెడదాం.

మీ తాతయ్య