యూకే సమ్మర్ స్కూల్లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

జూలై, ఆగస్టుల్లో ఇంగ్లాండ్‌లో బోర్డింగ్ స్కూళ్లు ఖాళీ అవుతాయి కదా, ఆ భవనాల్లోనే ఇటలీ, స్పెయిన్, చైనా, టర్కీల నుంచి వచ్చే టీనేజీ పిల్లలకు ఇంగ్లిష్ క్యాంపులు పెడతారు. నేను చేసేది ఆ పనే. ఏటా మనవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: తెల్లవాళ్లకే ఇస్తారు, మన యాసతో కష్టం.

జాతి, జాతీయత చూసి ఉద్యోగం లేదనడం 2010 ఈక్వాలిటీ చట్టం ప్రకారం చెల్లదు. వాళ్లు ముందు చూసేది ఇంగ్లిష్ టీచింగ్ సర్టిఫికెట్, అంటే సెల్టా గానీ ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సర్ట్‌టీసాల్ గానీ. సెల్టా 120 గంటల కోర్సు, అందులో 6 గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పాలి, ట్రైనర్ వెనక కూర్చుని అంతా రాసుకుంటూ ఉంటారు. డిస్కౌంట్‌లో దొరికే ఆన్‌లైన్ టెఫెల్ (విదేశీయులకు ఇంగ్లిష్ బోధన) కోర్సుల్లో సాధారణంగా లేనిది ఆ ముక్కే. ఇక యాస అంటారా, స్పెయిన్ పిల్లలు స్కూల్‌ని 'ఎస్కూల్' అంటారు, 'ఇస్కూలు' వింటూ పెరిగిన మనకి ఆ తప్పు ఎక్కడ పుడుతోందో విడమర్చి చెప్పక్కర్లేదు.

అపోహ: రోజుకు మూడు గంటల పాఠం, మిగతాదంతా ఇంగ్లాండ్ టూరు.

పాఠాలు చాలాచోట్ల వారానికి 15 గంటలే, నిజమే. కానీ రెసిడెన్షియల్ కాంట్రాక్ట్ (అక్కడే ఉంటూ పనిచేసే ఒప్పందం) మీద సంతకం పెడితే మధ్యాహ్నం ఆటలు, రాత్రి డిస్కో లేదా క్విజ్, ఆ తర్వాత పిల్లల్ని గదుల్లోకి పంపి కారిడార్‌లో కుర్చీ వేసుకుని కాపలా, ఇవన్నీ మీ పనే. పైగా వారం వారం కొంతమంది వెళ్లిపోయి కొత్తవాళ్లు వస్తుంటారు, ఒక పుస్తకం పట్టుకుని వరుసగా చెప్పుకుంటూ పోదామంటే కుదరదు. ఆక్స్‌ఫర్డ్ తీసుకెళ్తాం, కానీ మన చూపు కాలేజీల మీద కాదు, తలల మీద. బస్సు ఎక్కితే లెక్క, దిగితే లెక్క, రోడ్డు దాటితే లెక్క. ఒకసారి తిరుగు ప్రయాణంలో ఒక తల తగ్గింది. బస్సేమో ఎక్కువసేపు ఆగకూడని చోట ఆగి ఉంది, డ్రైవర్ మొహం చూడాలి అప్పుడు, ఆ కుర్రాడు ప్రైమార్క్ అనే చవక బట్టల షాపులో బిల్లు క్యూలో చేతినిండా టీషర్టులతో తీరిగ్గా నిలబడి దొరికాడు. పిల్లలకు ఆక్స్‌ఫర్డ్ అంటే ప్రైమార్కే, అది వేరే సంగతి.

అపోహ: స్టూడెంట్ వీసా ఉంది కాబట్టి సమ్మర్ అంతా ఫుల్‌టైమ్ చేయొచ్చు.

బ్యాచిలర్స్ వాళ్లయితే సెలవుల్లో సరే. ఏడాది మాస్టర్స్ చేసేవాళ్లకు మాత్రం వేసవి సాధారణంగా సెలవు కిందకి రాదు, డిసర్టేషన్ కాలం అది, వారానికి 20 గంటలే. రెసిడెన్షియల్ పని ఆ 20లో ఇమడదు. ఈ మాట చెబితే చాలామంది "ఎవరు చూస్తారులే" అంటారు. అది మాత్రం చేయకండి, వీసాకే ఎసరొస్తుంది. చదువు పూర్తయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక ఈ గంటల గొడవ ఉండదు. విజిటర్ వీసా మీద వచ్చి "జీతం వద్దు, గదీ తిండీ చాలు" అన్నా కుదరదు.

అపోహ: ఏజెంట్‌కి ఫీజు కట్టాలి.

ఉద్యోగం చూపించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడాన్ని అక్కడి 1973 నాటి చట్టం ఒప్పుకోదు. అడిగారంటే ఫోన్ పెట్టేయండి.

అపోహ: గదీ భోజనం వాళ్లవే, జీతం మొత్తం మిగులే.

వారానికి ఇంత అని చెప్పగానే సంబరపడకండి, ఎన్ని గంటలకి అని అడగండి, రాత్రి కాపలా కూడా కలిపి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు 21 ఏళ్లు నిండినవాళ్లకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు ఉండేది, ఏటా ఏప్రిల్లో మారుతుంది. కనీస వేతనం లెక్కలో స్కూలు వాళ్లు గది కింద ఒక పరిమితికి మించి చూపకూడదు (ఆ ఏడాది రోజుకు 10.66 పౌండ్లు), భోజనాన్ని అసలు చూపకూడదు.

జూన్‌లో అప్లై చేస్తాం అనేవాళ్లకి ఒక మాట: మంచి చోట్ల జనవరి నుంచే తీసుకోవడం మొదలవుతుంది. పిల్లలతో పని కాబట్టి డీబీఎస్ తనిఖీ (నేరచరిత్ర ఉందేమో చూడటం) ఉంటుంది, ఇండియా నుంచి వచ్చి ఎక్కువ కాలం కాకపోతే ఇండియా పోలీస్ క్లియరెన్స్ కూడా అడుగుతారు, ఆ కాగితం పని ముందే మొదలుపెట్టండి.